తప్పు జవాబు తర్వాత వచ్చే పేజీ

ఆన్‌లైన్ శిక్షణ గడువు ముగియడానికి ముందురోజు స్టాఫ్‌రూమ్ ఎలా ఉంటుందో అధ్యాపక వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకరి ఫోన్‌లో వీడియో శబ్దం లేకుండా నడుస్తూ ఉంటుంది, ఆయన మాత్రం ఇంటర్నల్ పరీక్షల పేపర్లు దిద్దుకుంటూ ఉంటారు. ఇంకొకరు వాట్సాప్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్ తెరిచి, ‘‘మూడో మాడ్యూల్ చెప్తున్నాను, పెట్టేసుకోండి మేడమ్. బి, డి, డి, ఎ, సి’’ అని హాజరు పిలిచినట్టు వరసగా చదువుతారు. మిగతావాళ్లం తలవంచుకుని గుండ్రాలు నొక్కుతాం. సాయంత్రానికి అందరి తెరల మీదా ఆకుపచ్చ టిక్కులు వస్తాయి, మరుసటి రోజు అందరి ఫోన్లలోనూ సర్టిఫికెట్లు ఉంటాయి.

నేనూ ఆ వరసలో కూర్చున్నదాన్నే. ఒక శిక్షణలో ఒక్క సాయంత్రం తొమ్మిది పాఠాలు పూర్తి చేశాను. వాటిలో ఒక పాఠం నిర్మాణాత్మక మూల్యాంకనం గురించి. విద్యార్థి తప్పు చేసిన వెంటనే ఆ తప్పు ఎక్కడ జరిగిందో అతనికి తెలియజేయాలనీ, కేవలం మార్కు చెప్పి ఊరుకోకూడదనీ అందులో చక్కగా వివరించారు. చివర పది ప్రశ్నలిచ్చారు. నాకు ఆరు వచ్చాయి. ఏ నాలుగు తప్పో, ఎందుకు తప్పో తెర మీద ఎక్కడా లేదు. ‘‘మళ్లీ ప్రయత్నించండి’’ అన్న బొత్తాం మాత్రం ఉంది. అనుమానంగా ఉన్న వాటికి జవాబులు మార్చి మళ్లీ నొక్కితే ఎనిమిది వచ్చాయి, పాఠం పూర్తయింది. నేను మార్చిన జవాబుల్లో ఏవి సరైనవో ఇప్పటికీ నాకు తెలియదు.

పీడీఎఫ్ పంచుకున్నవారిని తిట్టడం తేలిక. మా నిజాయితీని నేను సమర్థించబోవడం లేదు. కానీ ఆ పాఠాన్ని పీడీఎఫ్ లేకుండా, బుద్ధిగా కూర్చుని చేసినవారికి అదనంగా దక్కిందేమిటి? వారికీ అదే అంకె, అదే బొత్తాం. తప్పు చేసినవారికి చెప్పడానికి ఏమీ లేని పాఠంలో నిజాయితీగా తప్పు చేయడం వల్ల లాభం లేదని అందరికంటే ముందు కనిపెట్టేది విద్యార్థులే. వారి తర్వాత మేము. ఇంటరాక్టివ్ పాఠం అని మనం పిలుచుకునేదానికి ప్రాణం తప్పు జవాబు తర్వాత వచ్చే పేజీలో ఉంటుందని నా వాదన. మన కోర్సుల్లో చాలావాటిలో ఆ పేజీని ఎవరూ రాయలేదు.

ఈ సంగతి నాకు శిక్షణల్లో కాదు, నేను స్వయంగా పాఠం కట్టేటప్పుడు తెలిసింది. నేను ఒక చిన్న పట్టణంలోని డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా విభాగానికి మూడుల్ సర్వరు పెట్టుకున్నాం. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన మార్టిన్ డూగియామాస్ 2002లో మొదటి వెర్షను విడుదల చేసిన, ఆన్‌లైన్ పాఠాలూ పరీక్షలూ కట్టుకోవడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాలు వాడుతున్నాయి. అందులో ‘లెసన్’ అనే సాధనం ఒకటుంది. క్విజ్‌లాగా ప్రశ్నలన్నీ వరసగా వచ్చిపోవు. విషయం చెప్పే పేజీ ఒకటి, ప్రశ్న అడిగే పేజీ ఒకటి, ప్రశ్నలోని ప్రతి జవాబుకూ ఒక గమ్యం. ఫలానా జవాబు ఎంచుకున్న విద్యార్థి తర్వాత ఏ పేజీకి వెళ్లాలో పాఠం రాసినవారే నిర్ణయిస్తారు.

నేను ఏమీ నిర్ణయించకపోతే ఏమవుతుంది? మొదటి జవాబే సరైనదని భావించి సాఫ్ట్‌వేర్ తర్వాతి పేజీకి పంపుతుంది. మిగతా జవాబులన్నీ అదే ప్రశ్నకు తిప్పి పంపుతాయి. పైన, ఇది తప్పు జవాబు అన్న ఒక వాక్యం. అంటే నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్నను దాటడానికి విద్యార్థికి అత్యధికంగా నాలుగు నొక్కులు చాలు. నా మొదటి పాఠం అచ్చంగా ఇలాగే ఉండేది. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఖాళీ పెట్టెలు నా కోసమే ఉన్నాయి. నింపకుండా ‘సేవ్’ నొక్కింది నేనే. విద్యార్థులందరూ పాఠాన్ని పూర్తి చేశారని నివేదికలో చూసుకుని సంతోషించాను కూడా.

తర్వాతి వారం తరగతిలో ఆ పాఠంలోని ప్రశ్ననే బోర్డు మీద రాశాను. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధకాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత? పాఠం పూర్తి చేసిన తరగతి చాలాసేపు మౌనంగా ఉండిపోయింది.

ఆ ఆదివారం కూర్చుని పాఠాన్ని మళ్లీ రాశాను. సరైన జవాబు 2 ఓమ్‌లు. తప్పు ఐచ్ఛికాలుగా 9, 0.5, 4.5 ఉన్నాయి. ఈ మూడూ ఒకే రకం తప్పులు కావన్నది రాస్తూ ఉండగా నాకే స్పష్టపడింది. 9 అన్నవారు 6నీ 3నీ కూడారు. అంటే శ్రేణి సంధానం సూత్రాన్ని ఇక్కడికి తెచ్చారు, లేదా బొమ్మలో తేడా వారికి కనబడలేదు. 0.5 అన్నవారికి భౌతికశాస్త్రం బాగానే వచ్చు. ఒకటి బై ఆరు, ఒకటి బై మూడు కూడి, వచ్చినదాన్ని తలకిందులు చేయడం మరిచిపోయారు. మొదటివారికి ఒక బొమ్మ కావాలి, కొంత ఓపిక కావాలి. రెండోవారికి ఒక్క వాక్యం చాలు. ఇద్దరికీ కలిపి ‘‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’’ అనడం జ్వరంతో వచ్చినవాడికీ కాలు బెణికినవాడికీ ఒకే మాత్ర ఇచ్చి పంపడం లాంటిది.

9 ఎంచుకున్నవారి కోసం ఒక పేజీ రాశాను. అందులో సూత్రం లేదు. బస్టాండులో ఒక టికెట్ కౌంటరు ముందు పెద్ద వరస ఉంది. పక్కనే ఇంకో కౌంటరు తెరిచారు. ఆ కౌంటరులో పనిచేసే మనిషి కాస్త నిదానస్తుడే అనుకుందాం. అయినా మొత్తం మీద జనం ఇదివరకటికంటే త్వరగా కదులుతారా, నిదానంగా కదులుతారా? త్వరగా అన్నవారికి తర్వాతి పేజీలో వలయం బొమ్మ వస్తుంది, విద్యుత్ ప్రవాహానికి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టమంటుంది, ఆ తర్వాతే మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్తారు. 0.5 ఎంచుకున్నవారికి, ‘‘మీరు కనుక్కున్నది ఫలిత నిరోధం యొక్క వ్యుత్క్రమం. ఒక్క అడుగు మిగిలింది’’ అని చెప్పి వెంటనే ప్రశ్నకు పంపాను.

4.5 కోసం పేజీ రాయలేదు. అది 6, 3ల సగటు. నాలుగో గడి నింపడానికి పెట్టిన అంకె అది, దాన్ని ఎవరు ఎంచుకుంటారులే అనుకున్నాను. పాఠం పెట్టిన రెండు రోజులకు చూస్తే తప్పు జవాబుల్లో అన్నిటికంటే ఎక్కువగా ఎంచుకున్నది దాన్నే. ఒక అమ్మాయిని పిలిచి, కోప్పడడం లేదమ్మా, ఎందుకు అనిపించిందో చెప్పు చాలు అన్నాను. ‘‘రెండూ కలిసి పనిచేస్తున్నాయి కదా మేడమ్, అందుకని మధ్యలో ఎక్కడో ఉంటుందనుకున్నా’’ అంది. పదిహేనేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగనూ లేదు. సమాంతర సంధానంలో ఫలిత నిరోధం రెండిటిలోనూ చిన్నదానికంటే కూడా చిన్నదిగా ఉంటుందన్న వాక్యాన్ని నేను ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తాను, పిల్లలు ప్రతి ఏడూ నోట్సులో దించుకుంటారు. అది ఎంత వింతగా వినబడే వాక్యమో ఆ అమ్మాయి చెప్పేదాకా నేను గమనించలేదు.

తప్పును ఇలా వాడుకోవాలా, అసలు తప్పే జరగకుండా చూడాలా అన్న తగాదా కంప్యూటర్లు తరగతుల్లోకి రాకముందే మొదలైంది. బోధన యంత్రాలకు పేరుబడిన మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ 1950లలో హార్వర్డ్‌లో ఉండగా పాఠాన్ని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి, విద్యార్థి దాదాపు తప్పు చేయడానికి అవకాశమే లేకుండా నడిపించాలన్నారు. ఐచ్ఛికాలిచ్చి ఎంచుకోమనడం ఆయనకు నచ్చేది కాదు. నమ్మదగినట్టు కనిపించే తప్పు జవాబులను పాఠమే విద్యార్థి ముందు పెడుతుంది కదా అన్నది ఆయన అభ్యంతరం. విద్యార్థి తన జవాబును తానే రాయాలి. అదే కాలంలో అమెరికా వైమానిక దళంలో ఎలక్ట్రానిక్ పరికరాల లోపాలు కనిపెట్టే శిక్షణ మీద పనిచేసిన నార్మన్ క్రౌడర్ దీనికి ఎదురు దారి పట్టారు. తప్పులు ఎలాగూ జరుగుతాయి, జరిగిన తప్పును బట్టి తర్వాత ఏం చెప్పాలో నిర్ణయించాలి అన్నారు. ఆయన పద్ధతిలో అచ్చయిన పుస్తకాల్లో పేజీలు వరసలో ఉండేవి కావు. ప్రతి జవాబు పక్కనా ఒక పేజీ సంఖ్య ఉండేది, తప్పు జవాబు ఎంచుకున్నవారికి ఆ పేజీలో వారి తప్పు గురించిన వివరణ ఎదురయ్యేది. మూడుల్‌లోని లెసన్ సాధనం ఈ క్రౌడర్ పుస్తకానికి మనవడి వరస. మనం మాత్రం ఆయన నుంచి ఐచ్ఛికాలు తీసుకుని వివరణ పేజీలు వదిలేశాం, స్కిన్నర్ నుంచి చిన్న అడుగులు తీసుకుని సొంతంగా జవాబు రాయించడం వదిలేశాం.

అసలు ప్రశ్నలెందుకు, పాఠం బాగా చెబితే చాలదా అనే పాతకాలపు సహోద్యోగులు నాకున్నారు. వారికి నేను చూపించేది 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే చేసిన ప్రయోగం. కొందరు విద్యార్థులు ఒక గద్యభాగాన్ని నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారి చదివి, తర్వాత మూడుసార్లు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది: చదివినవారికి దాదాపు 40 శాతం గుర్తుంటే, రాసినవారికి 61 శాతం గుర్తుంది. కార్ల్ ష్పునార్ బృందం 2013లో ఆన్‌లైన్ ఉపన్యాసాన్ని నాలుగు ముక్కలు చేసి మధ్యమధ్యలో చిన్న పరీక్షలు పెట్టినప్పుడు, వినేవారి మనసు పక్కదారి పట్టడం సగానికి తగ్గింది. కాబట్టి ప్రశ్న ఉండాలి, పాఠం మధ్యలోనే ఉండాలి.

అయితే ఇక్కడ నా వాదనకు అడ్డం వచ్చే విషయం ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. రోడిగర్, కార్పికే ప్రయోగంలో విద్యార్థులకు వారు రాసింది తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేదు. అయినా లాభం కలిగింది. అంటే వివరణ పేజీ లేకపోయినా ప్రశ్న పనిచేస్తుందన్నమాట. కానీ వారు సొంతంగా గుర్తు తెచ్చుకుని రాశారు, నాలుగింటిలో ఒకటి నొక్కలేదు. ఐచ్ఛికాల ప్రశ్నల సంగతిని ఆండ్రూ బట్లర్‌తో కలిసి రోడిగరే 2008లో విడిగా పరిశీలించారు. అటువంటి ప్రశ్నలు విద్యార్థికి తప్పు జవాబులను కూడా నేర్పగలవనీ, జవాబు తర్వాత సరైనది చూపిస్తే ఆ నష్టం తగ్గి లాభం పెరుగుతుందనీ తేలింది. స్కిన్నర్ భయం పూర్తిగా తప్పు కాదు. ఐచ్ఛికాలు ఇచ్చి వివరణ ఇవ్వని పాఠం చెడగొట్టే అవకాశం కూడా ఉంది.

మరి ఐచ్ఛికాలు మానేసి జవాబు టైపు చేయించవచ్చు కదా అంటారా? చేయించాను. ఫలిత నిరోధం ప్రమాణమేది అని అడిగి ‘ఓమ్’ అని సరైన జవాబుగా ఇచ్చాను. యంత్రం అక్షరాలను పోల్చి చూస్తుంది, అర్థాన్ని కాదు. పిల్లలు ఓం అని రాశారు, ఓమ్ అని రాశారు, ఓము, ఓమ్‌లు, ఓములు అని రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవారున్నారు, ఒమేగా గుర్తు వెతికి పెట్టిన బుద్ధిమంతులూ ఉన్నారు. సున్నా పెట్టినందుకు ‘తప్పు’ అనిపించుకున్న పిల్లాడికి నేను ఏం చెప్పను? జవాబుల పట్టికలో ఇప్పుడు తొమ్మిది రూపాలున్నాయి. తెలుగులో పాఠాలు కట్టేవారు ఎవరైనా ముందుగా ఈ పట్టిక రాసుకోవడం మంచిది. ఇక అనువాదంలో వచ్చే ప్రశ్నల గురించి, ‘‘క్రింది వానిలో సరికానిది కానిది ఏది’’ వంటి వాక్యాల గురించి మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది. అటువంటి ప్రశ్నకు తప్పు జవాబిచ్చినవారికి ఏ విషయం తెలియదో దేవుడికి కూడా తెలియదని మాత్రం చెప్పి ముందుకు వెళ్తాను.

‘పూర్తయింది’ అన్న మాటకు ఇప్పుడు బరువు పెరిగింది, అందుకే ఈ గోల. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ 2017 జూలై 9న మొదలైంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు దాని ద్వారా చేసి క్రెడిట్లు పొందవచ్చు. దానిలో భాగంగా ఐఐటీలు, ఐఐఎస్సీ నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల లెక్క నాకు కొంతవరకు నిజాయితీగా అనిపిస్తుంది. వారం వారం చేసే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షాకేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. ఎనిమిది వారాల కోర్సయితే మెరుగైన ఆరు అసైన్‌మెంట్లే లెక్కలోకి వస్తాయి కాబట్టి ఒక వారం జ్వరం వచ్చినా కొంప మునగదు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా తెచ్చుకోవాలి. వారపు జవాబులు ఎక్కడో ఒకచోట చూసి పెట్టేసే విద్యార్థులు ఉంటారన్నది ఈ లెక్క వేసినవారికి తెలిసే ఉండాలి. అందుకే ఇంట్లో చేసేదానికి పావు వంతు విలువే ఇచ్చారు. మేము చేసే శిక్షణల్లో, కళాశాలలు సొంతంగా పెట్టుకునే కోర్సుల్లో ఆ పరీక్ష భాగం ఉండదు. ఆకుపచ్చ టిక్కే ఆఖరి మాట.

నిర్వాహకులు దీనికి వేసే మందు ఎప్పుడూ ఒకటే: తాళం. వీడియోను ముందుకు జరపనివ్వరు. పేజీలో కనీసం ఇన్ని నిమిషాలు ఉంటేనే పూర్తయినట్టు అంటారు. ఈ సదుపాయం మూడుల్‌లోనూ ఉంది, నేనూ ఒక సెమిస్టరు పెట్టి చూశాను. పిల్లలు పాఠం తెరిచి భోజనానికి వెళ్లారు. నివేదికలో మాత్రం వారు చాలాసేపు శ్రద్ధగా చదివినట్టు కనిపించింది. పైగా విషయం ముందే తెలిసిన పిల్లవాడిని ఆ తాళం శిక్షిస్తుంది, నెట్ ప్యాకు అయిపోయే పిల్లను మధ్యలో వదిలేస్తుంది.

తాళానికి బదులు నాకు పనికొచ్చిన ఉపాయం మరొకటి. లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో టోనీ గార్డ్‌నర్-మెడ్విన్ చాలాకాలం నడిపిన పద్ధతి అది, మూడుల్ క్విజ్‌లో ఇప్పటికే ఉంది. జవాబుతోపాటు, ఆ జవాబు మీద ఎంత నమ్మకముందో కూడా విద్యార్థి చెప్పాలి. నమ్మకం తక్కువ అన్నవారికి ఒప్పయితే 1, తప్పయితే సున్నా. మధ్యస్థం అయితే 2 వస్తాయి లేదా 2 పోతాయి. గట్టి నమ్మకం అంటే 3 వస్తాయి, తప్పయితే ఏకంగా 6 పోతాయి. లెక్క వేసి చూస్తే, అయిదింట నాలుగుసార్ల కంటే ఎక్కువగా ఒప్పవుతామన్న ధైర్యం ఉంటేనే మూడోది లాభం. ‘‘తెలియదని ఒప్పుకుంటే మార్కులు పోవా మేడమ్?’’ అని ఒకడు ఆశ్చర్యపోయాడు. మొదటి తరగతి నుంచి డిగ్రీ వరకు వాడికి అటువంటి బేరం ఎవరూ ఇవ్వలేదు మరి. గట్టి నమ్మకంతో తప్పు చేసినవారే వివరణ పేజీని అన్నిటికంటే శ్రద్ధగా చదివారని నేను గమనించాను. ఆరు మార్కులు పోయినప్పుడు ఎందుకు పోయాయో తెలుసుకోవాలని ఎవరికైనా ఉంటుంది.

ఇదంతా చేయడానికి అధ్యాపకులకు తీరికెక్కడిదని మీరు అడగవచ్చు. లేదు. విద్యార్థి పన్నెండు నిమిషాల్లో ముగించే ఆ సమాంతర సంధానం పాఠానికి నాకు ఒక ఆదివారం మొత్తం, తర్వాత రెండు సాయంత్రాలు పట్టాయి. ఏడాదికి ఇలాంటివి మూడో నాలుగో కట్టగలను, అంతకంటే వల్ల కాదు. అలాగని నలభై ఖాళీ పాఠాలు కట్టి నలభైకీ టిక్కులు పోగుచేయడంకంటే నాలుగు పాఠాలే నయమని నేను మా విభాగం సమావేశంలో అన్నాను. మినిట్స్‌లోకి అది ఎక్కలేదు. ఎన్ని పాఠాలు అప్‌లోడ్ చేశామో రాసే గడి నివేదికలో ఉంది గానీ, ఎన్ని తప్పులకు జవాబు చెప్పామో రాసే గడి లేదు.

ఈమధ్య పేపర్లు దిద్దేటప్పుడు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుంటున్నాను, వచ్చే ఏడు పాఠాలకు ఐచ్ఛికాలు అందులోంచే వస్తాయి. మొన్న ఇంటర్నల్ పరీక్షలో అదే 6, 3 ఓమ్‌ల లెక్క ఇచ్చాను. ఒక కుర్రవాడు 3 అని రాశాడు. నా పాఠంలో ఆ ఐచ్ఛికమే లేదు. మరునాడు అడిగితే, ‘‘కరెంటు తక్కువ నిరోధం ఉన్న దారిలోనే పోతుంది కదా మేడమ్, ఇక 6తో పనేముంది’’ అన్నాడు. బస్టాండు కౌంటరు ఉదాహరణ వీడికి పనిచేయదు. నిదానస్తుడి దగ్గరికి ఎవరూ వెళ్లరంటాడు. వీడి కోసం రాయాల్సిన పేజీలో ఏ బొమ్మ పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.